పెత్రాలోనా టవెర్నాలో పొద్దున వండిన ట్రేలు

ఏథెన్స్‌లో భోజనం ఎలా ఉంటుందన్నది అక్రోపొలిస్ కొండకు ఏ పక్కన కూర్చున్నామన్నదాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. కొండకు ఉత్తరాన, తూర్పున ఉన్న ప్లాకా సందుల్లో వంటకాల రంగుల ఫోటోలు అతికించిన బోర్డులూ, దారిన పోయేవారిని నాలుగు భాషల్లో లోపలికి పిలిచే మనుషులూ ఎదురవుతారు. అక్కడి తిండి అంతా బాగుండదని అనను గానీ, టవెర్నా అనే గ్రీకు భోజనశాల ప్రధానంగా ఒక పేటకు చెందినది. చుట్టుపక్కల వీధుల్లో కాపురముండేవాళ్ళు ఇంట్లో వండుకోవడానికి బద్ధకించిన రోజునో, నలుగురు కలిసిన రోజునో వచ్చి కూర్చునే చోటు అది. ఆ జనం రావడం మానేశాక వంటింట్లో ఏం వండాలన్న నిర్ణయం కూడా మారిపోతుంది.

నేను ఎక్కువగా వెళ్ళేది పెత్రాలోనా అనే పేటకు. మొనాస్తిరాకి దగ్గర ఆకుపచ్చ లైను రైలెక్కి పిరేయస్ వైపు వెళితే, థిస్సియో తర్వాత వచ్చే స్టేషన్ అదే. ఈ పట్టాల మీద 1869లోనే థిస్సియో నుంచి పిరేయస్ ఓడరేవుకు ఆవిరి రైలు నడిచింది. స్టేషన్‌కు తూర్పున, ఫిలోపాపు గుట్ట వైపు ఎత్తుగా ఉన్న భాగాన్ని పై పెత్రాలోనా అంటారు. 1922లో ఆసియా మైనర్ (ఇప్పటి టర్కీ) నుంచి తరిమివేతకు గురై, మరుసటి ఏడాది గ్రీసు, టర్కీల మధ్య జనాల మార్పిడికి కుదిరిన లౌసాన్ ఒప్పందంతో శాశ్వతంగా గ్రీసులో ఉండిపోయిన పన్నెండు లక్షల మందిలో కొందరు ఈ గుట్ట కింద గుడిసెలు వేసుకున్నారు. కూలీనాలీ చేసుకునేవాళ్ళ పేటగా పెరిగిన ఈ చోట ఇప్పుడు అద్దెలు తక్కువేమీ లేవు. అయినా త్రోఓన్ వీధిలో సాయంత్రం పూట కుర్చీలు బయటకు లాగే చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఆ వీధిలోనే జెఫిరోస్ అనే ఆరుబయలు సినిమా హాలు కూడా ఉంది. వేసవి రాత్రుల్లో మొదటి ఆట ముగిశాక జనం నేరుగా టవెర్నాల మీద పడతారు కాబట్టి, పదకొండు గంటలకు టేబుల్ దొరకడం తొమ్మిదింటికి దొరకడం కంటే కష్టం.

నేను వెళ్ళే టవెర్నా పేరు ఇక్కడ రాయడం లేదు. ఇక్కడ చెప్పే విషయాల్లో చాలావరకు ఆ చుట్టుపక్కల ఉన్న మరికొన్నింటికీ వర్తిస్తాయి. జమ్ముతో అల్లిన సీటున్న కర్ర కుర్చీలు, ఒక కాలు పొట్టిదై మడతపెట్టిన కాగితం ముక్క మీద నిలబడే టేబుళ్ళు, కాలిబాట మీద నారింజ చెట్ల కింద కొన్ని, లోపల కొన్ని. ఆ నారింజలు చేదువి, తినడానికి పనికిరావు. మనం కూర్చోగానే వైటర్ వచ్చి గుడ్డ మీద కొత్త కాగితం పరిచి, గాలికి లేవకుండా అంచులకు క్లిప్పులు బిగిస్తాడు. తర్వాత రొట్టె బుట్ట వస్తుంది. ఫోర్కులూ కత్తులూ కూడా కాగితపు రుమాళ్ళతో కలిసి ఆ బుట్టలోనే ఉంటాయి, ఎవరివి వాళ్ళు తీసుకోవాలి. కూజాతో మంచినీళ్ళు అడగకుండానే వస్తాయి. రొట్టెకు మనిషికి ఒక యూరో వరకు బిల్లులో పడుతుంది, దాన్ని కువేర్ అంటారు. మొదటిసారి వచ్చినవాళ్ళు అడగని రొట్టెకు డబ్బులేమిటని నొచ్చుకోవడం చూశాను గానీ, చివరికి పళ్ళాల్లో మిగిలే నూనెకు ఆ రొట్టె ఎంత అవసరమో తెలిశాక ఆ మాట ఎవరూ ఎత్తరు.

మెనూ కార్డు ఇస్తారు. ఇవ్వాలన్నది చట్టం కూడా. ధరలన్నీ పన్నులతో కలిపి ఉండాలి, ఫ్రీజర్‌లోంచి తీసిన సరుకుతో చేసిన వంటకం పక్కన నక్షత్రం గుర్తో మరో గుర్తో వేసి ఆ సంగతి చెప్పాలి. చేపలు, రొయ్యలు, ఆక్టోపస్ ఉన్న పేజీలో ఆ నక్షత్రాలు ఎన్ని ఉన్నాయో చూడటం నాకు అలవాటుగా మారింది. చేపలు తినే స్నేహితులకు అదొక ముందస్తు హెచ్చరిక. కానీ ఇలాంటి చోట కార్డు కంటే వైటర్ నోటి మాటే ముఖ్యం. కార్డులో ఉన్నవన్నీ ఏ రోజూ ఉండవు. ఆ రోజు పొద్దున ఏం వండారో కార్డు చెప్పలేదు. "ఈ రోజు పొయ్యి మీద ఏమేం ఉన్నాయండీ?" అని అడిగితే, జేబురుమాలుతో చేతులు తుడుచుకుంటూ వైటర్ పెద్దాయన, "గెమిస్తా ఉంది, చిక్కుళ్ళున్నాయి, బెండకాయలు కొంచెం మిగిలాయి, వంకాయ అయిపోయింది. లోపలికొచ్చి చూసుకోండి," అంటాడు. పాతకాలం టవెర్నాల్లో వంటింటి గడప దాకా వెళ్ళి గిన్నెల మూతలు తీయించి చూసి చెప్పడం మర్యాద తక్కువ పని కాదు, అలా చూడకపోతేనే వింతగా అనుకునేవారట. ఇప్పటికీ చాలాచోట్ల గాజు అద్దం వెనక ట్రేలు వరసగా పెట్టి ఉంటాయి, వేలు పెట్టి చూపిస్తే చాలు.

ఈ ట్రేల గురించే నేను చెప్పదలుచుకున్నది. గ్రీకు టవెర్నా అనగానే బయటివాళ్ళకు నిప్పుల మీద కాలే మాంసం గుర్తొస్తుంది. నిజానికి అక్కడి వంట రెండు పాయలుగా నడుస్తుంది. అడిగాక అప్పటికప్పుడు నిప్పుల మీద కాల్చి ఇచ్చేవి ఒక పాయ. పొద్దున్నే వండి, మధ్యాహ్నానికి ఓవెన్‌లోంచి తీసి, అలాగే కూర్చోబెట్టి ఉంచేవి ఇంకొకటి. కాల్చేవి ఏ టవెర్నాలోనైనా ఓ మోస్తరుగా ఉంటాయి. మాంసం బాగుండి, నిప్పు బాగుంటే వంటవాడి గొప్పతనం కొంచెమే. టవెర్నా తాహతు తెలిసేది రెండో పాయలోనే, అందులోనూ లాదెరా అనే నూనె కూరల్లో. కూరగాయ, టమాటా, ఉల్లిపాయ, పార్స్‌లీ, ధారాళంగా ఆలివ్ నూనె, ఇంతే సరంజామా. దాచుకోవడానికి మసాలా ఏమీ ఉండదు.

గెమిస్తానే తీసుకుందాం. వేసవిలో పండిన పెద్ద టమాటాల పై భాగాన్ని మూతలా కోసి, లోపలి గుజ్జును చెంచాతో తోడి, ఆ గుజ్జులోనే బియ్యం, ఉల్లిపాయ, పుదీనా, పార్స్‌లీ, నూనె కలిపి తిరిగి నింపుతారు. క్యాప్సికమ్‌లను కూడా అలాగే నింపుతారు. బియ్యం ఉడికి ఉబ్బుతుంది కాబట్టి నిండుగా కూరకూడదు. కోసిన మూతలు మళ్ళీ పైన పెట్టి, కాయలు పక్కకు ఒరగకుండా మధ్యమధ్యన బంగాళాదుంప ముక్కలు దూర్చి, ట్రేలో పేర్చి ఓవెన్‌లో తాపీగా కాలనిస్తారు. మాంసం కలపని గెమిస్తాను అక్కడివాళ్ళు "అనాథలు" అని పిలుస్తారు. ఆ అనాథలే నా వంతు. ట్రే బయటకు వచ్చేసరికి టమాటా తోలు ముడతలు పడి, మూత అంచు నల్లబడి ఉంటుంది. అడుగున దుంపలు టమాటా రసాన్నీ నూనెనూ పీల్చుకుని ఒక పక్క ఎర్రగా కరకరలాడతాయి. నలుగురు తినే టేబుల్ దగ్గర గొడవ జరిగేది టమాటాల మీద కాదు, ఆ దుంపల మీద.

బెండకాయల విషయంలో గ్రీకు వంటవాళ్ళ ఓపికకు నేను దండం పెడతాను. చిటికెన వేలంత లేత కాయలనే ఎంచుతారు. తొడిమను అడ్డంగా తెగ్గోయరు. కాయలోని గింజల గది తెరుచుకోకుండా, పెన్సిల్ చెక్కినట్టు చుట్టూ చెక్కుతారు. తర్వాత ఉప్పు, వెనిగర్ చల్లి కాసేపు ఎండలో పెడతారు. ఆ మీదట టమాటాలో వేసినప్పుడు గరిటె పెట్టి కలపరు, గిన్నెను అటూ ఇటూ ఊపుతారు. ఫలితంగా పళ్ళెంలో ప్రతి కాయా విడిగా, చెక్కుచెదరకుండా, జిగురు లేకుండా వస్తుంది. ఈ శ్రమంతా కార్డులో ఎనిమిది, తొమ్మిది యూరోలుగా కనిపిస్తుంది.

ఈ కూరలు వేడివేడిగా రావు. గోరువెచ్చగా, ఒక్కోసారి ఆ వెచ్చదనం కూడా లేకుండా వస్తాయి. పక్క టేబుల్ మీద పర్యాటకులు పళ్ళేన్ని వెనక్కి పంపి వేడి చేయించుకోవడం చూసినప్పుడు నాకు వైటర్ మీద జాలేస్తుంది. పొయ్యి మీంచి దించిన వెంటనే నూనె ఒక పక్క, టమాటా పులుపు ఒక పక్క ఉంటాయి. రెండు మూడు గంటలు కూర్చున్నాక రసం చిక్కబడి నూనెతో కలుస్తుంది, పుదీనా వాసన అప్పుడు తెలుస్తుంది. మళ్ళీ మైక్రోవేవ్‌లో పెడితే నూనె విడిపోయి పళ్ళెం అడుగుకు చేరుతుంది.

మాంసం ముట్టని నాలాంటివాడికి ఇన్ని కూరలు దొరకడానికి కారణం ఆర్థడాక్స్ చర్చి ఉపవాసాలు. ఈస్టర్‌కు ముందు వచ్చే పెద్ద ఉపవాసం, క్రిస్మస్‌కు ముందు నలభై రోజులు, ఆగస్టు మొదటి రెండు వారాలు, ఇవి కాక బుధ, శుక్రవారాలు అన్నీ కలిపితే ఏడాదిలో సగానికి దగ్గరగా వస్తాయి. ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు, చాలావరకు చేపలూ నిషిద్ధం. రక్తం లేనివన్న లెక్కన ఆక్టోపస్‌కూ రొయ్యలకూ మాత్రం మినహాయింపు ఉంది. ఈ నియమాలన్నీ తుచ తప్పకుండా పాటించేవాళ్ళు ఇప్పుడు ఏథెన్స్‌లో తక్కువే, కానీ శతాబ్దాల పాటు ఆ రోజుల కోసం వండిన వంటలు వంటింట్లో మిగిలిపోయాయి. శాకాహారం అని చెబితే కోడిమాంసం ఫరవాలేదా అని అడిగే వైటర్ కూడా "నిస్తీసిమా ఏమున్నాయి?" అంటే వెంటనే ఉపవాసపు వంటలన్నీ ఏకరువు పెడతాడు. ఒక జాగ్రత్త ఉంది. తరామోసలాటా ఆ జాబితాలో ఉంటుంది, అది చేప గుడ్లతో చేసేది. ఉపవాసానికి పనికొచ్చినంత మాత్రాన అది శాకాహారం కాదు.

మొదట తెప్పించే చిన్న పళ్ళాల్లో నా ఓటు ఫావాకు. పసుపుపచ్చటి పప్పు బద్దలను మెత్తగా ఉడికించి, ఎనిపి, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు, కేపర్లు (ఊరేసిన పూమొగ్గలు), ఆలివ్ నూనె వేస్తారు. చూడటానికి అచ్చం మన ముద్దపప్పే, నెయ్యి బదులు నూనె. సాంతోరిని దీవిలో పండే బద్దలకు ఐరోపా సమాఖ్య ప్రాంతీయ గుర్తింపు ఉంది, ధరా అలాగే ఉంటుంది. పేట టవెర్నాలో మామూలు బద్దలతోనే చేస్తారు, అది చాలు. వేసవిలో వ్లీతా అనే ఆకుకూర వస్తుంది. తోటకూర జాతిదే. లేత కాడలతో సహా ఉప్పునీళ్ళలో ఉడికించి, నీళ్ళు వార్చి, నూనె పోసి నిమ్మచెక్క పక్కన పెట్టి ఇస్తారు. తాలింపు లేకుండా ఆకుకూర ఏమిటని మొదట అనిపిస్తుంది. నిమ్మరసం కాస్త ఎక్కువగానే పిండుకోవాలి.

హోరియాటికి అనే గ్రీకు సలాడ్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అందరికీ తెలిసినదే: టమాటా, దోసకాయ, ఉల్లిపాయ, క్యాప్సికమ్, ఆలివ్‌లు, పైన ఒక పలక ఫెటా జున్ను, దాని మీద ఎండు ఒరెగానో. లెట్యూస్ ఆకులు కనిపిస్తే, ఫెటాను చిన్న ఘనాలుగా కోసి చల్లితే, అది పేటవాళ్ళ కోసం చేసింది కాదని అర్థం. ఫెటా అన్న పేరును 2002 నుంచి ఐరోపాలో గ్రీసులో చేసిన జున్నుకే వాడాలి. డెన్మార్క్, జర్మనీ దాని మీద కోర్టుకెళ్ళి 2005లో ఓడిపోయాయి. పాలలో కనీసం 70 శాతం గొర్రెపాలు, మిగిలినవి మేకపాలు కావాలి. ఆవుపాల జున్నుకు ఆ రుచి రాదు. ఇక టమాటా రసం, నూనె, ఫెటా పొడి కలిసి పళ్ళెం అడుగున మిగిలిన దాన్ని రొట్టె ముక్కతో తుడిచి తినడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఇక్కడ ఎవరి పళ్ళెం వాళ్ళది అన్న లెక్క లేదు. తెప్పించినవన్నీ మధ్యలో పెడతారు, అందరి ఫోర్కులూ అన్నిట్లోకీ వెళతాయి. వంటింట్లో ఏది ముందు అయితే అది ముందు వస్తుంది. మొదటి వంటకం, ప్రధాన వంటకం అన్న వరస కోసం ఎదురుచూస్తే ఆకలితో కూర్చోవాల్సిందే. నా సహోద్యోగులు గొర్రె పక్కటెముకలను కిలో లెక్కన తెప్పించుకుంటారు, చేతులతోనే తింటారు. ఆసియా మైనర్ నుంచి వచ్చినవాళ్ళు తెచ్చిన స్మిర్నా మాంసపుండలు కూడా ట్రేలో ఉంటాయి. టమాటా పులుసులో జీలకర్ర వాసన కొట్టే ఆ వంటకాన్ని చూస్తే, శరణార్థులు ఈ పేటకు ఏం తెచ్చారో ముక్కుకే తెలుస్తుంది.

వంకాయ, ఖీమా పొరలతో చేసే ముసాకా తెప్పించాలా వద్దా అన్నది ప్రతిసారీ వచ్చే చర్చ. ప్రాచీన గ్రీసు నుంచి వస్తున్న వంటకమని చాలామంది నమ్మకం. కానీ పైన మందంగా కనిపించే, పాలు, వెన్న, పిండితో చేసే ఆ తెల్లటి బెషమెల్ పొరను చేర్చి ఇప్పటి రూపానికి తెచ్చింది నికోలాస్ త్సెలెమెంతెస్ అనే సిఫ్నోస్ దీవి వంటవాడు, అదీ 1920లలో. ఆయన వంట పుస్తకం ఎంత పాకిందంటే, గ్రీసులో వంట పుస్తకం దేన్నైనా త్సెలెమెంతెస్ అనే అంటారు. గ్రీకు వంటను ఫ్రెంచి వెన్నలో ముంచేశాడని ఆయన్ను తిట్టేవాళ్ళూ ఉన్నారు, నేనూ కొంత ఆ పక్షమే. మంచి ముసాకాను పెద్ద ట్రేలో చేసి, చల్లారాక కత్తితో కోస్తారు. ముక్క పళ్ళెంలో ఇటుకలా నిలబడాలి. మట్టి గిన్నెలో బుసబుస పొంగుతూ వచ్చేదాన్ని నా స్నేహితులు ముట్టుకోరు.

వైన్‌ను సీసాల్లో కాక కిలోల్లో అడుగుతారు. అర కిలో తెల్లది అంటే అర లీటరు, గీతలు పడ్డ రేకు జగ్గులో వస్తుంది. 1959లో గ్రీసు ఓకా అనే పాత తూనికను రద్దు చేసి కిలోకు మారింది. ద్రవాన్ని తూకంతో కొలిచే అలవాటు మాత్రం పోలేదు. ఏథెన్స్ చుట్టూ ఉన్న ఆట్టికా నేలలో ఎక్కువగా పండే సవత్యానో ద్రాక్షతోనే రెత్సీనా అనే వైన్ కూడా చేస్తారు. పులియబెట్టేటప్పుడు పైన్ చెట్టు బంక వేయడంతో దానికి చెట్టు వాసన పడుతుంది. మొదటి గుక్కకు వార్నిష్ గుర్తొచ్చి మొహం చిట్లించని కొత్తవాణ్ణి నేను చూడలేదు. కానీ వెల్లుల్లి ముద్ద, వేయించిన గుమ్మడి జాతి కాయ ముక్కల పక్కన, చల్లగా తాగితే దాని పని అదే చేసుకుపోతుంది. గ్లాసులు చిన్నవి, కాళ్ళు లేనివి. ఎవరి గ్లాసు ఖాళీ అయినా పక్కవాడు నింపాలి.

తినడం అయిపోయాక కూడా ఎవరూ లేపరు. ఆ టేబుల్ ఆ రాత్రికి మనదే. పళ్ళాలు తీస్తారు, కాగితం మీద రొట్టె ముక్కలు అలాగే ఉంటాయి, మాటలు సాగుతూనే ఉంటాయి. మనం అడిగేదాకా బిల్లు తేకపోవడం నిర్లక్ష్యం కాదు, అడగకుండా తెస్తే పొమ్మన్నట్టు ఉంటుందని వాళ్ళ ఉద్దేశం. అడిగిన తర్వాత మాత్రం బిల్లుతో పాటు కోసిన పుచ్చకాయో, దాల్చినచెక్క పొడి చల్లిన రవ్వ హల్వా ముక్కో ఇంటి తరఫున ఉచితంగా వస్తుంది. పేట టవెర్నాల్లో తీపి వంటకాల జాబితా సాధారణంగా ఉండదు. కూర్చున్నంతసేపూ బయటి టేబుళ్ళ దగ్గర సిగరెట్ పొగ ఉంటుంది. లోపల పొగతాగరాదన్న చట్టాన్ని 2019 చివరి నుంచి గట్టిగానే అమలు చేస్తున్నారు, అందువల్ల పొగ పడనివాళ్ళు చెట్ల కింద చోటును వదులుకుని లోపల కూర్చోవడం మేలు. కాళ్ళ దగ్గర తిరిగే పిల్లులకు రెండు చోట్లా ప్రవేశం ఉంది.

నలుగురికి చిన్న పళ్ళాలు నాలుగు, ట్రే కూరలు రెండు మూడు, ఒక కిలో వైన్ కలిపితే మనిషికి ఇరవై యూరోల లోపే తేలుతుంది, కిలో లెక్కన మాంసం తెప్పిస్తే అది పెరుగుతుంది. బిల్లును మొత్తం తలలతో భాగించి వేసుకుంటారు, ఎవరు ఏం తిన్నారని లెక్క తీయరు. లేదా ఒకరు మొత్తం తానే ఇస్తానని పట్టుబడతారు, అప్పుడు వాదన పెద్దదే అవుతుంది. టిప్పు తప్పనిసరి కాదు, పై చిల్లర టేబుల్ మీద వదిలేస్తే సరిపోతుంది. రశీదు తప్పకుండా తీసుకోవాలి. చట్టబద్ధమైన రశీదు ఇవ్వకపోతే డబ్బు చెల్లించాల్సిన బాధ్యత వినియోగదారుడికి లేదన్న వాక్యం ప్రతి మెనూ మీదా అచ్చువేసి ఉంటుంది.

వెళ్ళదలచినవాళ్ళకు వేళల గురించి కొంచెం చెప్పాలి. రాత్రి భోజనానికి ఏడింటికి వెళితే వైటర్లు తామే తింటూ కనిపిస్తారు. జనం వచ్చేది తొమ్మిది దాటాకే. కానీ ట్రేల కోసమైతే మధ్యాహ్నం రెండింటికి వెళ్ళడమే సరైనది, అప్పుడు అన్నీ ఉంటాయి, రాత్రికి సగం అయిపోతాయి. ఆదివారం మధ్యాహ్నం కుటుంబాలు మూడు తరాలతో వస్తాయి, ముందుగా ఫోన్ చేసి చెప్పుకోవాలి. చలికాలంలో గెమిస్తా, బెండకాయ ఉండవు, బదులుగా శనగల పులుసు, పాలకూర అన్నం, పెద్ద తెల్ల చిక్కుడు గింజల ట్రే ఉంటాయి. ఆగస్టు 15న మరియమాత పండుగ చుట్టూ రెండు మూడు వారాలు యజమానులు సొంత ఊళ్ళకో దీవులకో వెళ్ళిపోతారు. ఆ రోజుల్లో త్రోఓన్ వీధిలో చాలా తలుపులకు చేతిరాతతో కాగితం అంటించి ఉంటుంది, కాబట్టి టికెట్లు కొనేటప్పుడే ఆ వారాలను తప్పించడం మంచిది.